ఇంటి బీమా కాగితం చదవడం ఎలా? ఏది కవర్ అవుతుంది, ఎంతవరకు?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మా ఆవిడకి నేను చెప్పిన ధైర్యం ఒక్కటే, "ఇంటికి ఇన్సూరెన్స్ ఉందిలే, కంగారుపడకు" అని. నీళ్లు దిగి, బురద ఎత్తిపోసి, తడిసిన పాలసీ కాగితాన్ని ఎండలో ఆరబెట్టి చదివితే అప్పుడు తెలిసింది. బిల్డింగ్ అని ఉన్నచోట 28 లక్షలు అని అంకె ఉంది. దాని కింద కంటెంట్స్ అని ఉన్నచోట ఒక చిన్న అడ్డగీత ఉంది. అంతే. ఆ గీత విలువ మా ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, రెండు మంచాలు, పరుపులు, బీరువా కింది అరలోని పట్టుచీరలు, అన్నీ కలిపి మూడు లక్షల పైమాటే. గోడల ప్లాస్టరింగుకి, ఉబ్బిపోయిన తలుపులకి, వైరింగుకి డబ్బులొచ్చాయి. సామానుకి ఒక్క రూపాయి రాలేదు.

మోసం చేశారని అనను. హౌసింగ్ లోన్ తీసుకున్న రోజు బ్యాంకులో నలభై సంతకాలు పెట్టాను, అందులో ఇదొకటి. చదవలేదు, అంతే. ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. పది పన్నెండు పేజీల పాలసీ మొత్తం బట్టీ పట్టక్కర్లేదు, మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే చాలు: ఏ వస్తువుకి బీమా ఉంది, ఏ ప్రమాదం జరిగితే ఉంది, నష్టాన్ని ఎలా లెక్కగడతారు. కంపెనీలు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ఏ పేర్లు పెట్టినా ఆ పేర్లను పక్కన పడేయండి. అసలు స్థాయిలు ఈ మూడింట్లోనే ఉంటాయి.

ముందు మీ దగ్గర ఉన్న కాగితం ఏమిటో తేల్చుకోండి

"మాకు ఉంది" అనేవాళ్లలో చాలామందికి ఉన్నది ఇంటి బీమా కాదు. బీరువాలోంచి ఫైలు తీయండి. లోన్‌తోపాటు అంటగట్టిన పాలసీ మీద లోన్ ప్రొటెక్షన్ అనో, లైఫ్ అనో ఉందనుకోండి, అది మీ ప్రాణానికి సంబంధించినది. లోన్ తీసుకున్న మనిషి పోతే మిగిలిన అప్పు తీరుస్తుంది. ఇల్లు తగలబడినా, కొట్టుకుపోయినా దానికి సంబంధం లేదు. మా బావగారు ఇదే కాగితాన్ని ఐదేళ్లుగా ఇంటి బీమా అనుకుంటూ వచ్చారు, పైగా సింగిల్ ప్రీమియంగా పెద్ద మొత్తమే కట్టారు.

రెండో రకం, లోన్‌తో వచ్చిన అసలైన ఇంటి బీమా, కానీ బిల్డింగుకి మాత్రమే. మాది ఇదే. బ్యాంకుకి కావలసింది తాను అప్పిచ్చిన గోడలూ శ్లాబూ భద్రంగా ఉండటం, మీ సోఫాతో దానికి పనిలేదు. ఇలాంటి పాలసీలో బ్యాంకు క్లాజు కూడా ఉంటుంది, అంటే క్లెయిమ్ డబ్బు మీద ముందు హక్కు బ్యాంకుది. కొన్నిసార్లు బీమా మొత్తం కూడా ఇల్లు కట్టడానికయ్యే ఖర్చంత కాకుండా లోన్ అంత మాత్రమే పెడతారు, అది కూడా చూసుకోండి. ఇంకోమాట, బ్యాంకు వాళ్లు చూపించిన కంపెనీ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు.

మూడోది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీసుకున్న పాలసీ. లిఫ్టు, మెట్లు, జనరేటర్, బయటి గోడలు ఇలాంటివాటికి ఉండొచ్చు, మీ ఫ్లాట్ లోపలికి ఉండకపోవచ్చు. సెక్రటరీని అడిగి ఒక కాపీ తెప్పించుకోండి, మీటింగులో పార్కింగ్ గొడవలు కాసేపు ఆపి ఇది అడిగినా తప్పులేదు.

ఇవేవీ కాకుండా 'భారత్ గృహ రక్ష' అన్న పేరు కనిపిస్తే మంచిది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు అగ్ని ప్రమాద బీమా అమ్మే ప్రతి సాధారణ బీమా కంపెనీ ఈ పాలసీని తప్పనిసరిగా ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ, నిబంధన పెట్టింది. పాలసీ మాటలు అన్ని కంపెనీల్లోనూ ఒకటే, ప్రీమియమే వేరు. కాబట్టి నేను ఇకపై చెప్పే లెక్కలు చాలావరకు దీని ప్రకారమే. హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ అని మరో రకం కూడా ఉంది, అందులో దొంగతనం, ఎలక్ట్రానిక్ రిపేర్లు లాంటివి సెక్షన్లుగా కలిపి అమ్ముతారు. ఇవి కంపెనీకొక తీరు.

బిల్డింగ్ విలువ మీరే లెక్క కట్టండి

ఇక్కడ అందరూ చేసే తప్పు, ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో ఆ అంకె రాయడం. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కోటి రూపాయల ఇంట్లో సగానికి పైగా స్థలం ఖరీదే ఉంటుంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. బీమా కంపెనీ ఇచ్చేది మళ్లీ కట్టుకోవడానికయ్యే ఖర్చు మాత్రమే. రిజిస్ట్రేషన్ విలువ కూడా వద్దు, అది ఇంకో రకం అబద్ధం.

భారత్ గృహ రక్షలో పద్ధతి తేలిక: కార్పెట్ ఏరియాని, అంటే ఇంటి లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని, ఈరోజు కట్టుబడి ఖర్చుతో గుణించాలి. మీ ఊరి మేస్త్రీనో ఇంజనీరునో అడగండి, "ఇప్పుడు చదరపు అడుగు ఎంతకి కడుతున్నారు, మెటీరియల్‌తో సహా?" అని. ఉదాహరణకి 1,100 చదరపు అడుగులు, అడుగుకి 2,000 రూపాయలు అనుకుంటే 22 లక్షలు. దీనికి ప్రహరీ గోడ, గేటు, కారు షెడ్డు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, ఇంటికి బిగించిన సోలార్ పలకలు కూడా బిల్డింగ్ కిందికే వస్తాయి కాబట్టి వాటి ఖర్చు విడిగా వేసి కలపండి. సోలార్ పెట్టించుకున్నవాళ్లు దీన్ని మరిచిపోతున్నారు, పాలసీ తీసుకున్న తర్వాత పెట్టించుకుని ఉంటే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి విలువ పెంచమనండి.

తక్కువ రాస్తే ప్రీమియం తగ్గుతుంది కదా అని ఆశపడొద్దు. పాతకాలపు పాలసీల్లోనూ చాలా వ్యాపార పాలసీల్లోనూ ఒక కత్తెర ఉంటుంది. 40 లక్షల ఇంటికి 20 లక్షలకే బీమా చేశారనుకోండి, వరదలో 4 లక్షల నష్టం వస్తే "మీరు సగానికే బీమా చేశారు కాబట్టి సగమే ఇస్తాం" అని 2 లక్షలు చేతిలో పెడతారు. భారత్ గృహ రక్షలో ఈ కత్తెర పూర్తిగా తీసేశారు, అది పెద్ద మేలు. అయినా ఇల్లు మొత్తం నేలమట్టమైతే రాసుకున్న మొత్తాన్ని మించి ఎవరూ ఇవ్వరు కదా, అందుకే సరైన అంకె రాయండి. కట్టుబడి రేట్లు ఏటా పెరుగుతాయన్న భయం ఉంటే ఎక్కువ ఏళ్ల పాలసీ తీసుకోవచ్చు, పదేళ్ల వరకు ఇస్తారు. అందులో బిల్డింగ్ బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతూ పోతుంది, అదనపు ప్రీమియం లేకుండా.

ఏ ప్రమాదాలకు ఉంది?

అగ్ని బీమా అంటే నిప్పుకే అనుకుంటాం. పాత పేరు అలా నిలిచిపోయింది. మామూలు భారత్ గృహ రక్ష పాలసీలోనే మంటలు, పేలుడు (గ్యాస్ సిలిండర్ ఇక్కడికే వస్తుంది), పిడుగు, భూకంపం, తుపాను, గాలివాన, వరద, సునామీ, కొండచరియలు విరిగిపడటం, చెట్టో లారీయో వచ్చి గోడను గుద్దటం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకూ పైపులూ పగిలి పొంగటం, ఇవన్నీ ఉంటాయి. కోస్తాలో ఉండేవాళ్లకి ఇది బంగారం లాంటి విషయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసినప్పుడు ఎగిరిపోయిన రేకులు, పగిలిన అద్దాలు గుర్తుంటాయి కదా, అలాంటివన్నీ వీటి కిందికి వస్తాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లోకి వచ్చిన నీళ్లు, 2024లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు, అన్నీ వరద కిందే లెక్క.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో వరద ఉండదు, దానికి విడిగా ఫ్లడ్ ఇన్సూరెన్స్ కొనాలి, ప్రభుత్వ పథకంలో అయితే సాధారణంగా 30 రోజులు ఆగితే గాని అమల్లోకి రాదు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇల్లు కొన్న మనవాళ్లు ఇండియాలోలాగే అన్నీ కలిసి ఉంటాయనుకుంటే దెబ్బతింటారు. ఇక్కడ నాన్నగారి ఇంటికి పాలసీ తీసుకునేటప్పుడు "ఫ్లడ్ విడిగా ఎంత?" అని అడిగితే ఏజెంట్ అయోమయంగా చూసేదీ అందుకే.

ఇక లేనివి. ఇవి గట్టిగా చదవాలి, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే. ఏళ్ల తరబడి గోడలోకి దిగిన చెమ్మ, బాత్రూమ్ లీకేజీ, పెచ్చులూడటం, తుప్పు, చెద, ఇవి ప్రమాదాలు కావు, మెయింటెనెన్స్. పైపు ఒక్కసారిగా పగిలి హాలంతా నీళ్లయితే ఉంది, ఆరు నెలలుగా చుక్క చుక్క కారితే లేదు. పక్క స్థలంలో సెల్లార్ కోసం తవ్వితే మీ గోడ బీటలు వారిందనుకోండి, అది కూడా పాలసీలో ఉండదు, బిల్డర్‌తో తేల్చుకోవలసిందే. కొత్త ఇల్లు కుదురుకునేటప్పుడు వచ్చే బీటలూ అంతే. గోదావరి గట్టున, లంకల్లో ఉండేవాళ్లకి ఇంకో చేదు మాట: వరద నీళ్లు ఇంట్లోకి వచ్చి పాడైతే ఉంది గానీ, నది కోత పెట్టి నేల కుంగితే ఆ కుంగుబాటును కవర్ నుంచి తీసేశారు. యుద్ధం, అణు ప్రమాదం, మనం కావాలని చేసుకున్న నష్టం, వీటి గురించి చెప్పక్కర్లేదు.

కరెంటు విషయంలో చాలామంది తికమకపడతారు. వోల్టేజీ పెరిగి ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోతే ఆ ఫ్రిజ్‌కి రాదు. అదే ఫ్రిజ్‌లో పుట్టిన మంట కర్టెన్లకంటుకుని వంటిల్లు కాలితే వంటింటికి వస్తుంది. ఫ్రిజ్ రిపేరుకి కూడా కావాలంటే ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ విడిగా తీసుకోవాలి. దాంట్లో వస్తువు వయసుకి హద్దులు పెడతారు, పదిహేనేళ్ల ఏసీ కోసం తీసుకుంటే దండగ.

సామాను: నేను గీత పెట్టించుకున్న చోటు

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, తప్పదు.

భారత్ గృహ రక్షలో బిల్డింగ్, సామాను రెండూ కలిపి తీసుకుంటే, బిల్డింగ్ మొత్తంలో 20 శాతం దాకా ఇంటి సామానుకి దానంతటదే కవర్ వస్తుంది, గరిష్ఠంగా 10 లక్షల వరకు. ఏ వస్తువు ఎంత అని జాబితా ఇవ్వక్కర్లేదు. ఇందాకటి 22 లక్షల ఇంటికి 4.4 లక్షలు. 60 లక్షల ఇంటికి 20 శాతం అంటే 12 లక్షలు కావాలి గానీ, 10 దగ్గర ఆగిపోతుంది. మీ ఇంట్లో మాడ్యులర్ కిచెనూ, నాలుగు ఏసీలూ, పెద్ద టీవీలూ ఉండి అంతకు మించుతుందనిపిస్తే వివరాలిచ్చి పెంచుకోవచ్చు. అదే మీ పాలసీ నాలాగా బిల్డింగ్ ఓన్లీ అయితే ఈ 20 శాతం ఊసే ఉండదు.

మీకు ఎంత కావాలో తెలియాలంటే ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ పట్టుకుని గది గదికీ వీడియో తీయండి. బీరువా తలుపులు తెరిచి, మంచం కింద సొరుగులు లాగి, అటక మీద ఇత్తడి బిందెలతో సహా. తీస్తూ నోటితో చెప్పండి, "ఈ ఫ్రిజ్ 2022లో కొన్నాం, 34 వేలు" అని. తర్వాత కూర్చుని ఈరోజు కొత్తవి కొంటే ఎంతవుతుందో కాగితం మీద వేయండి. మా ఆవిడ, నేను విడివిడిగా అంచనా వేశాం. నాది లక్షన్నర, ఆవిడది మూడు లక్షల ఇరవై వేలు. ఆవిడే కరెక్టు. మగవాళ్లకి వంటింటి సామాను ఖరీదు తెలియదు, బట్టల ఖరీదు అసలే తెలియదు. ఈ వీడియో తర్వాత క్లెయిమ్‌లోనూ పనికొస్తుంది, బిల్లులు తడిసిపోయినా ఇది క్లౌడ్‌లో ఉంటుంది కదా.

సామాను కిందికి రానివి కూడా రాసుకోండి: నగదు, చెక్కులు, బాండ్లు, దస్తావేజులు, వాహనాలు. బైకు మునిగితే బైకు పాలసీలోనే చూసుకోవాలి, ఇంటి పాలసీలో కాదు.

బంగారం, వెండి సంగతి

నగలు, వెండి కంచాలు, పెయింటింగులు, పాత కళాఖండాలు మామూలు సామాను కాదు. వాల్యుబుల్ కంటెంట్స్ అని విడిగా అదనపు కవర్ తీసుకోవాలి. దీన్లో ముందే ఒప్పుకున్న విలువ మీద బీమా చేస్తారు. మొత్తం 5 లక్షలు దాటకుండా, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే విలువ సర్టిఫికెట్ అడగరు. ఈరోజు బంగారం ధరకి లక్ష దాటని నగ ఎన్ని ఇళ్లలో ఉంటుందో మీకే తెలుసు, కాబట్టి షాపులో వాల్యుయేషన్ చేయించి కాగితం పెట్టుకోవడమే మేలు. బిస్కెట్ల రూపంలో, నాణేల రూపంలో దాచిన బంగారానికి ప్రత్యేకంగా రాయించుకోకపోతే బీమా ఉండదు. దానికన్నా బ్యాంకు లాకర్ నయం, ఆ మాటకొస్తే నగలకి కూడా.

దొంగతనం ఉందనుకోకండి

ఇది విని మా వీధిలో సగంమంది ఆశ్చర్యపోయారు. మామూలు భారత్ గృహ రక్షలో దొంగతనానికి కవర్ చాలా చిన్నది: మంటో వరదో లాంటి బీమా ఉన్న ప్రమాదం జరిగి, దానివల్లే ఇల్లు తెరిచి ఉండి, ఏడు రోజుల్లోపు సామాను పోతే మాత్రమే. మేము వరదకి పైకెళ్లిపోయినప్పుడు కింద గ్యాస్ సిలిండర్లు మాయమైన ఇళ్లున్నాయి, అలాంటిదానికి వర్తిస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి తాళం పగలగొట్టి ఉంటే, దానికి వర్తించదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా కావాలి, లేదా ప్యాకేజీ పాలసీలో ఆ సెక్షన్ ఎంచుకోవాలి. అందులో కూడా సాధారణంగా బలవంతంగా లోపలికి చొరబడిన ఆనవాలు అడుగుతారు. తలుపు తీసిపెట్టి మేడ మీద వడియాలు పెడుతుంటే ఎవరో వచ్చి ఫోన్ ఎత్తుకుపోతే ఇవ్వకపోవచ్చు. ఇంట్లో పనిచేసేవాళ్ల వల్ల పోయినవాటికి ఉందో లేదో కూడా సూటిగా అడగండి.

నష్టాన్ని ఎలా లెక్కగడతారు?

మూడు పద్ధతులున్నాయి, ప్రీమియంలో తేడా ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. కొత్తది కొనడానికయ్యేంత ఇవ్వడం ఒకటి. పాతబడినందుకు తరుగు తీసేసి ఇవ్వడం రెండోది. ముందే ఒప్పుకున్న విలువ ఇవ్వడం మూడోది, అది నగల్లాంటివాటికి. ఎనిమిదేళ్ల సోఫా పోయిందనుకోండి, మొదటి పద్ధతిలో అలాంటి కొత్త సోఫా ఖరీదు వస్తుంది, రెండోదాంట్లో పాత సామాన్ల బండివాడిచ్చే రేటుకి దగ్గరగా ఏదో వస్తుంది. భారత్ గృహ రక్షలో బిల్డింగుకి, మామూలు సామానుకి మొదటి పద్ధతే. ప్యాకేజీ పాలసీ చూస్తున్నట్లయితే ప్రతి సెక్షన్ దగ్గరా ఈ ముక్క వెతకండి. డిప్రిసియేషన్ (తరుగు) అన్న మాట కనిపిస్తే ఎంత శాతమో అడిగి తెలుసుకోండి.

ఇంకా కొన్ని చిన్న చిన్నవి ఉంటాయి, వాటిని క్లెయిమ్‌లో మరిచిపోతాం. ఇంజనీరు, ఆర్కిటెక్ట్ ఫీజులకి క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు, శిథిలాలు తీయించడానికి 2 శాతం వరకు ఇస్తారు. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే వేరేచోట అద్దెకి కూడా దారి ఉంది, మీరే అద్దెకిచ్చిన ఇల్లయితే పోయిన అద్దెకి. నేను రెండు నెలలు మా తమ్ముడింట్లో ఉన్నాను, అద్దె కట్టలేదు కాబట్టి అడగలేదు. మీరు కడితే రసీదు ఉంచుకోండి.

మీ పరిస్థితి కొంచెం వేరైతే

అద్దెకుండేవాళ్లు సామానుకి మాత్రమే తీసుకోవచ్చు, గోడలు ఓనర్ గారి తలనొప్పి. కింద కిరాణా కొట్టో టిఫిన్ సెంటరో నడుపుతూ పైన ఉంటున్నవాళ్లు కింది భాగానికి ఇంటి పాలసీ సరిపోతుందనుకోవద్దు, దానికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని విడిగా ఉంది, ఒకచోట ఆస్తి విలువ మొత్తం 5 కోట్ల వరకు ఉన్న చిన్న వ్యాపారాలకి. కడుతూ ఉన్న ఇంటికి ఇవి రెండూ కాదు, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అని వేరే పాలసీ. తాటాకు, గడ్డి కప్పు ఉన్న ఇల్లయితే ఆ విషయం దాచకుండా ముందే చెప్పి, ఇస్తారో లేదో తేల్చుకోండి. పిల్లలతోపాటు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటూ ఊళ్లో ఇంటికి తాళం వేసి వచ్చినవాళ్లు ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉండొచ్చు, కంపెనీకి చెప్పాలా అన్నది పాలసీలో చూసి, ఖాళీగా ఉందని మెయిల్‌లో రాసి పెట్టండి. ఫోన్‌లో చెప్పాను అంటే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కొనేటప్పుడు ఏజెంట్‌ని ఇలా అడగండి

"ఏమండీ, ఇది భారత్ గృహ రక్షా, మీ కంపెనీ సొంత పాలసీయా?" "బిల్డింగ్ ఎంత, కంటెంట్స్ ఎంత? రెండు అంకెలూ షెడ్యూల్‌లో, అంటే పాలసీలో మొత్తాలు రాసిన పేజీలో, చూపించండి." "బర్గ్లరీ ఉందా, తీసుకుంటే ఎంత పెరుగుతుంది?" "ప్రతి క్లెయిమ్‌లో నా వాటాగా ఎంత కట్ అవుతుంది?" "తరుగు తీస్తారా?" అయిదు ప్రశ్నలు, పది నిమిషాలు. "అన్నీ ఉంటాయి సార్, టెన్షన్ పడకండి" అన్న జవాబు వస్తే అదే ముక్క మెయిల్‌లో పెట్టమనండి, స్వరం మారిపోతుంది. పాలసీతోపాటు ముఖ్యమైన విషయాలతో రెండు మూడు పేజీల సమాచార పత్రం కూడా ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి. ఏముంది, ఏం లేదు అన్నది అందులో సూటిగా ఉంటుంది.

ప్రీమియం గురించి భయపడి వెనకాడకండి, చాలా ఇళ్లకి ఏడాదికయ్యేది కారు బీమా కంటే తక్కువే. ఇద్దరు ముగ్గురి దగ్గర కోట్ తీసుకోండి, పాలసీ మాటలు ఒకటే కాబట్టి భారత్ గృహ రక్షలో పోల్చడం తేలిక. అప్పటికే తీసుకున్న ఏడాది పాలసీ నచ్చకపోతే మధ్యలో రద్దు చేసుకోవచ్చు, క్లెయిమ్ లేకపోతే మిగిలిన కాలానికి తగ్గ ప్రీమియం వెనక్కిస్తారు. నేను బ్యాంకు పాలసీని అలాగే ఉంచి, కంటెంట్స్‌కి విడిగా ఇంకోటి తీసుకున్నాను. పాతదాన్ని కదిలిస్తే బ్యాంకుతో మళ్లీ నలభై సంతకాలు.

నష్టం జరిగితే

మొదటి రోజే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, తర్వాత మెయిల్ కూడా. మనుషులు క్షేమమయ్యాక, ఏదీ కదపకముందే ఫోటోలు తీయండి, ముఖ్యంగా గోడ మీద నీటి గీత. వరదలో అదే మీ సాక్షి. కుళ్లిపోతున్న పరుపుల్ని ఇంట్లో ఉంచుకోలేరు, నిజమే, పారేసేముందు ఫోటో తీసి, "దుర్వాసన వస్తోంది, పారేస్తున్నాం" అని కంపెనీకి మెసేజ్ పెట్టండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటివి సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) చూసేదాకా పాత ఇనుము వాళ్లకి అమ్మకండి. మంటలైతే ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనం, అల్లర్లయితే పోలీసు ఎఫ్ఐఆర్ కావాలి.

ఇప్పటి నిబంధనల ప్రకారం మీరు చెప్పిన 24 గంటల్లో కంపెనీ సర్వేయర్‌ని నియమించాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. సర్వేయర్ వచ్చినప్పుడు పక్కనే ఉండండి, చాయ్ ఇవ్వండి, కానీ ఆయన రాసుకునే జాబితాని మీ జాబితాతో పోల్చుకోండి. మా ఇంట్లో ఆయన వైరింగ్ రాయడం మరిచిపోయారు, నీళ్లు దిగిన తర్వాత స్విచ్‌బోర్డులు బయటికి బాగానే కనిపించాయి కాబట్టి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక బోర్డు విప్పి లోపలి బురద చూపిస్తే అప్పుడు రాశారు. ఆ ఒక్క విప్పడం విలువ 46 వేలు.

ఇచ్చిన మొత్తం తక్కువనిపించినా, కుదరదన్నా ఎందుకో రాతపూర్వకంగా అడగండి, ఏ క్లాజు కిందో నంబరుతో సహా. ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. ఆ పైన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా వివాదాలు విని తేల్చే అధికారి, ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. 50 లక్షల వరకు ఉన్న వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి, ఆ ఉత్తరం తేదీని ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.